కొండ ఊళ్ళకి గేరు కారు

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. కొండ దిగుతుండగా బ్రేకు మీద కాలు వేస్తే, అది పట్టకుండా అలా లోపలికి దిగిపోవడం. ఆ సమయానికి వెనక సీట్లో నా కూతురు ఉష ఉండడం.

మిగతా భయాలన్నీ దీని ముందు దోమలు. ఇంగ్లీషు సరిగ్గా రాదని నవ్వుతారేమో, తొమ్మిదో తరగతి దాటలేదని తెలిసిపోతుందేమో అని, అమెరికాలో ఈ ఎడిసన్ ఊరికి వచ్చిన ఆరేళ్ళూ ఆ దోమల్ని తోలుకుంటూనే ఉన్నాను.

అయినా ఆ ఆదివారం మధ్యాహ్నం డాక్టరు శ్యామ్‌సుందర్‌గారి భోజనాల బల్ల దగ్గర "కారు నేను నడుపుతాను" అన్నది నేనే.



బల్ల నిండా ఇటలీ మ్యాపు. మూలలు లేవకుండా డాక్టరుగారి భార్య నళినక్క పెట్టిన చట్నీ గిన్నెలు. మ్యాపు మధ్యలో ఎర్ర పెన్సిలు గీత. అది ఫ్లోరెన్స్‌లో బయల్దేరి, ఒక కొండ ఎక్కి ఇంకో కొండ దిగుతూ, గ్రేవె, సియెనా, మాంతాల్చీనో, మాంతెపుల్చానో దాటి ఓర్వియేతో దగ్గర ఆగుతుంది. ఆ గీత మీద నిన్న వచ్చిన ఉత్తరం.

ఫ్లోరెన్స్‌లో కార్లు అద్దెకిచ్చేవాళ్ళు రాసింది. మే పద్నాలుగుకి అయిదుగురు పట్టే కారు సిద్ధంగా ఉంటుందిట. అన్నీ గేరు కార్లేనట. ఆటోమేటిక్ తమ దగ్గర లేదు, ఆ చుట్టుపక్కల దొరకడం కూడా కష్టమేనట.

మూడు నెలలుగా మగవాళ్ళిద్దరూ ప్లాన్ చేస్తున్నారు. ఏ ఊళ్ళో ఏ సంవత్సరపు వైన్ బాగుంటుందో డాక్టరుగారికి కంఠతా వచ్చు. ఇంటి కింద బేస్‌మెంట్‌లో సీసాలు పడుకోబెట్టి, వాటికి పుట్టినరోజులు కూడా చేస్తారాయన. మా ఆయన జగదీష్ ఏది పోసినా "బావుందండీ" అంటాడు. కానీ అక్కడి కార్లకి గేర్లుంటాయన్న సంగతి మాత్రం ఇద్దరికీ తోచలేదు. ఎలా తోస్తుంది? ఇద్దరూ ఇండియాలో సైకిలు తొక్కినవాళ్ళు. స్టీరింగ్ పట్టుకున్నది అమెరికా వచ్చాకే. వాళ్ళకి కారు నడపడమంటే కుడికాలి పని. ఎడమకాలు ఊరికే కూర్చుంటుంది.

"ఏమన్నావమ్మా?" అన్నారు డాక్టరుగారు. ఆయనకి వినపడింది.

"నేను నడుపుతానండీ. నాకు గేర్లు వచ్చు."

బావ బల్ల కింద నా కాలు తొక్కాడు. జగదీష్ నా మేనమామ కొడుకు, చిన్నప్పటినించీ నాకు బావే. అందరికీ రాధనైనా అతనికి నేను రాణిని. నేను కాలు లాక్కున్నాను.

"రాణి జోక్ చేస్తోంది. మీరు చెప్పండి డాక్టరుగారూ, ఇందాక అన్న ఆ ట్రైన్ సంగతి."

"చెప్పడానికేముంది? లేడీస్, పిల్ల, పచ్చళ్ళు, బియ్యం... కారు లేకుండా ఇంత లగేజ్‌తో ఆ కొండలెక్కలేం. మనిద్దరం విమానం దిగి ట్రైన్‌లో ఫ్లోరెన్స్ వెళ్దాం. అక్కడ ఒక గైడ్‌ని ఎంగేజ్ చేసుకుని నాలుగు వైన్ సెల్లార్లు చూసి వచ్చేద్దాం. వీళ్ళని సమ్మర్‌లో నయాగరా తీసుకెళ్దాం."

"నయాగరా అయిదుసార్లు చూశాను" అంది నళినక్క.

"నీకు నీళ్ళంటే ఇష్టం కదా?"

"నేనెప్పుడన్నాను?"

ఆయన పెన్సిలు తీసుకుని మ్యాపు మీదికి వంగారు. ఆమె కూడా అడగడం మానేసి చట్నీ గిన్నెలో గరిటె తిప్పుతూ కూర్చుంది.

నళినక్క ఈ దేశం వచ్చి పద్నాలుగేళ్ళు. డ్రైవింగ్ రాదు. ఆయన తీసుకెళ్ళినచోటికి వెళ్ళాలి, ఆయన ఆపినచోట దిగాలి. మూడు నెలలుగా ప్రతి బుధవారం నేను వెళ్ళేసరికి ఆమె నోట్‌బుక్ తీసి పెట్టుకుని ఉండేది. లైబ్రరీ పుస్తకాలు చూసి రాసుకున్నది. డాక్టరుగారి ప్లాన్‌లో సెల్లార్ల పేర్లుండేవి. ఈమె ప్లాన్‌లో పెట్రోలు బంకులు మధ్యాహ్నం మూసి మళ్ళీ ఎప్పుడు తెరుస్తారో, ఏ ఊళ్ళో కోటగోడ బయట కారు వదిలి నడవాలో, పెరుగు కావాలంటే ఏమని అడగాలో ఉండేవి. మన రైస్ కుక్కరు అక్కడి కరెంటుకి కాలిపోతుందని కనిపెట్టింది కూడా ఆమే.

"ఈ ఊళ్ళన్నిటికీ నడిమధ్యన రాళ్ళు పరిచిన పెద్ద వాకిలి ఉంటుందిట రాధా. పని లేకపోయినా అందరూ వచ్చి కూర్చుంటారుట. నేను అలా ఒక గంట కూర్చోవాలి. సీసాలు ఆయన్ని చూసుకోమను" అనేది.

ఆమె ఇంకేమీ కోరగా నేను వినలేదు. అది గుర్తొచ్చే నా నోరు ఆగలేదు.

"జోక్ కాదండీ. మా నాన్న లారీ డ్రైవరు. మార్కాపురంలో పలకల లోడు వేసుకుని కర్నూలు వెళ్ళేవాడు. దోర్నాల దాటాక నల్లమల ఘాట్‌లో బ్రేకు ఫెయిలైంది. ఎడమకాలు మోకాలి కింద తీసేశారు. తరవాత ఒక పాత జీపు సంపాదించాడు. క్లచ్ తొక్కడానికి కాలేదీ? నేను పక్కన ఇరుక్కుని కూర్చుని, ఆయన 'ఊఁ' అన్నప్పుడల్లా తొక్కేదాన్ని. అందుకే తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేశాను. రెండేళ్ళు నాన్నకి ఎడమకాలు నేనే. మూడో ఏడు ఆయన పక్కకి జరిగాడు, నేను స్టీరింగ్ ముందుకి జరిగాను."

ఒక్క గుక్కలో చెప్పేశాను. చెప్పాక చూస్తే చేతిలో ఇడ్లీ పిండి పిండి అయిపోయింది.

"కానీ జగదీష్" అన్నారు డాక్టరుగారు నెమ్మదిగా, "మీ మామగారిది ట్రాన్స్‌పోర్ట్ బిజినెస్ అన్నావు. ఈ అమ్మాయి బి.ఏ. హిస్టరీ అన్నావు."

బావ తన ప్లేటు వంక చూసుకున్నాడు.

"లారీ ట్రాన్స్‌పోర్టేగా అండీ" అన్నాను. "హిస్టరీ మాత్రం ఈయన సొంత కల్పన."

నళినక్క ఫక్కున నవ్వింది. నవ్వుతూనే ఇడ్లీల గిన్నె నా వైపు జరిపింది. "ఇంకో రెండు వేసుకోండి డ్రైవరుగారూ. ఘాట్ రోడ్డు ముందుంది."

డాక్టరుగారు నవ్వలేదు. మ్యాపు మడత పెట్టడం మొదలుపెట్టారు, గిన్నెలు తియ్యకుండానే. అల్లం చట్నీ మాంతాల్చీనో మీద ఒలికింది.

* * *

"నీకు బుర్ర పని చేస్తోందా?" అన్నాడు బావ, మా కారు వాళ్ళ వీధి మలుపు తిరిగాక.

నలుగురిలో అతన్ని 'మీరు' అంటాను. కార్లో అక్కర్లేదు.

"నీకు పని చేసిందా బావా, నేను బి.ఏ. అని ఊరంతా చెప్పినప్పుడు?"

"అది నీ మంచికే చెప్పాను."

"నా మంచికా? ఉగాది పార్టీలో ఒకావిడ వచ్చి, మా అబ్బాయికి మొగలాయిల గురించి కాస్త చెప్పమ్మా అంటే, వాళ్ళ బాత్రూమ్‌లో అరగంట కూర్చున్నాను. బయటికొస్తే కడుపునొప్పనుకుని వాము నమిలించారు."

అతనికి నవ్వొచ్చింది. కిటికీ వైపు తిరిగి మింగేశాడు.

"సరే, ఆ కాలు సంగతి అక్కడ చెప్పాలా? రేపటికల్లా ఎడిసన్ అంతా..."

"తెలియనీ. మా నాన్నకి పోయింది కాలే. పరువు పోలేదు."

"డాక్టరుగారు లేకపోతే ఈ ఉద్యోగం వచ్చేదా నాకు? ఆయన రికమండేషన్ కాదూ? ఆయన ముందు నువ్వు... 'నేను నడుపుతాను' అంటే ఆయనకెలా ఉంటుంది? నాకెలా ఉంటుంది?"

"నీకెలా ఉంటుందో చెప్పు."

వెనకనుంచి ఉష ముందుకి వంగింది. దానికి అయిదేళ్ళు. తెలుగు మాటలు దాని నోట్లో చూయింగ్ గమ్‌లా సాగుతాయి. "మమ్మీ, నువ్ జీప్ డ్రైవ్ చేసావ్? రియల్ జీప్?"

"చేశాను తల్లీ."

"వావ్. డాడీ, నీకు వచ్చా?"

బావ ఎదర ఏమీ లేకుండానే బ్రేకు వేశాడు.

ఆ తరవాత నాలుగు రోజులు మా ఇంట్లో మాటలన్నీ ఉష మీదుగానే నడిచాయి. "మమ్మీని చారు పొయ్యమను." "డాడీని మంచినీళ్ళు తనే తెచ్చుకోమను." పాపం, పిల్ల అటూ ఇటూ తిరిగి, అయిదోరోజు పొద్దున "ఐయామ్ టైర్డ్" అని టీవీ ముందు పడుకుంది.

అప్పుడిక అతనే వంటింట్లోకి వచ్చాడు. గుమ్మంలో నిలబడి, గోడ మీద క్యాలెండరుకి చెప్పినట్టు చెప్పాడు.

"మా ల్యాబ్‌లో గాజు సామాను చేసే ఇటాలియన్ ముసలాయన దగ్గర పాత ఫియట్ ఉంది. గేర్లది. శనివారం ఇస్తానన్నాడు. డాక్టరుగారికి కూడా చెప్పాను. వాచంగ్ కొండ ఎక్కి దిగు. దిగాక మాట్లాడుకుందాం."

"దిగాక మాట్లాడుకోవడానికేముంటుంది? పెట్టెలు సర్దుకోవడమే."

ఆ మాట గట్టిగానే అన్నాను. అతను వెళ్ళాక సింకు అంచు పట్టుకుని నిలబడ్డాను. 

* * *

శనివారం పొద్దున తొమ్మిదింటికి కొండ కింద ఒక గ్రోసరీ స్టోర్ పార్కింగ్ లాట్‌లో కలుసుకున్నాం. పసుపురంగు ఫియట్. ఒక తలుపు మాత్రం ఎర్రది. ముసలాయన తాళాలు బావ చేతికిచ్చాడు. బావ నా చేతికిచ్చాడు. ముసలాయన కనుబొమలు పైకెత్తి, సెకండ్ గేరు కొంచెం మొండిదనీ, వాళ్ళావిడలాగే బుజ్జగించాలనీ ఇంగ్లీషులో చెప్పి, కాఫీ తాగడానికి వెళ్ళిపోయాడు.

డాక్టరుగారు ఇంటర్వ్యూ చెయ్యడానికి వచ్చినట్టు సూటు వేసుకుని వచ్చారు. నళినక్క స్వెట్టరు మీద కొంగు బిగించి, ఎవరూ చెప్పకుండానే వెనక సీట్లో ఎక్కి కూర్చుంది.

"పిల్లని నా కార్లో ఉంచండి. వై టేక్ ఎ రిస్క్?" అన్నారు డాక్టరుగారు.

అదే మంచిదండీ అన్న మాట నా నోటిదాకా వచ్చింది.

బావ నావైపు చూశాడు. "ఇటలీలో ఎక్కడ ఉంచుతాం రాణీ?" అన్నాడు. వెటకారంగా అంటే దులిపేసుకునేదాన్ని. మామూలుగా అన్నాడు.

ఉషని ఎత్తి వెనక సీటు మధ్యలో కూర్చోబెట్టాను. బెల్టు రెండుసార్లు లాగి చూశాను. తరవాత నాలుగు చక్రాల దగ్గరా వంగి, లోపలివైపు బ్రేకు ఆయిలు తడి ఉందేమోనని వేలితో తడిమి చూశాను. కుచ్చెళ్ళకి మట్టయింది. స్టీరింగ్ ముందు కూర్చుని, ఇంజను వెయ్యకుండా బ్రేకు పదిసార్లు తొక్కాను. గట్టిపడింది. తొక్కిపట్టి ముప్ఫై లెక్కపెట్టాను. జారలేదు.

"ఏమిటమ్మా ఇది, వాహనపూజా?" అన్నారు డాక్టరుగారు, ఉషకి అటుపక్క ఇరుక్కుంటూ. ఆయన మత్తుమందిచ్చే డాక్టరు.

"మీరు పేషెంటుకి మత్తిచ్చేముందు ఏమీ చూసుకోరా అండీ?"

నళినక్క నవ్వు దాచుకోవడానికి దగ్గింది.

జీపులో గేరు నా ఎడమచేతికుండేది. ఇక్కడ కుడిచేతికి. మొదటిసారి నా ఎడమచెయ్యి అలవాటున వెళ్ళి తలుపుకి కొట్టుకుంది. క్లచ్ వదిలేసరికి కారు కప్పలా ఒక గెంతు గెంతి ఆగిపోయింది.

"అగైన్ మమ్మీ! డూ ఇట్ అగైన్!" అని ఉష చప్పట్లు కొట్టింది.

"బతికి బయటపడితే వైన్ సంగతి చూద్దాం జగదీష్" అన్నారు డాక్టరుగారు.

బావ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ముందుకి చూస్తున్నాడు. ఆ చేతుల్లో ఒకటి మెల్లిగా వచ్చి హ్యాండ్ బ్రేకు పక్కన ఆగింది, అవసరమైతే లాగడానికి.

"చెయ్యి తీసెయ్ బావా" అన్నాను.

అందరి ముందూ అనేశాను. అతను తీసేశాడు.

రెండోసారి కారు మెత్తగా కదిలింది. ఎడమకాలికి గుర్తుంది. పదేళ్ళు ఏమీ పని చెప్పకపోయినా మర్చిపోలేదు. సగం కొండెక్కాక, నిట్టనిలువు ఎక్కుడులో స్టాప్ సైను. ఆగాను. అద్దంలో చూస్తే నా వెనకే ఇంకో కారు, మూతి మూతి ఆనించి. క్లచ్ వదలబోయేసరికి ఫియట్ జానెడు వెనక్కి జారింది. వెనకవాడు హారన్ కొట్టాడు.

"బ్రేక్! బ్రేక్ వెయ్యి!" డాక్టరుగారు నా సీటు వెనక గుద్దారు.

హ్యాండ్ బ్రేకు లాగాను. కాస్త యాక్సిలరేటర్ ఇచ్చి, క్లచ్ కొద్దికొద్దిగా వదిలితే ఇంజను గొంతు మారుతుంది. అప్పటిదాకా ఆగాలి. మారింది. నాకు నేనే "ఊఁ" అనుకుని బ్రేకు వదిలాను. కారు ముందుకే వెళ్ళింది.

కొండమీద చెట్ల మధ్య ఒకచోట ఖాళీ ఉంది. అక్కణ్ణుంచి కింద ఊళ్ళన్నీ, చాలా దూరంగా న్యూయార్క్ మేడలూ కనిపిస్తాయి.

"ఆపు రాధా" అంది నళినక్క.

ఆపాను.

"ఎందుకు? అక్కడేముంది? టెస్ట్ కదా, కానివ్వండి" అన్నారు డాక్టరుగారు.

నళినక్క దిగింది. రాతి గోడ దగ్గరికి వెళ్ళి, దాని మీద చెయ్యి ఆనించి నిలబడింది. అయిదు నిమిషాలైంది. డాక్టరుగారు సీట్ల మధ్యనుంచి వంగి, నా భుజం మీదుగా చెయ్యి చాచి హారన్ కొట్టారు. ఆమె తిరగలేదు. మళ్ళీ కొట్టారు. ఉష కూడా సరదాగా నోటితో ఒకసారి కొట్టింది. ఆమె నెమ్మదిగా, తనకి చాలనిపించాకే వచ్చి కూర్చుంది.

"పద్నాలుగేళ్ళలో నేను ఆపమంటే ఒక కారు ఆగడం ఇదే" అంది. ఎవరి వైపూ చూడలేదు. "అక్కడ కూడా ఆపుతావా రాధా?"

"మీరన్నచోటల్లా ఆపుతానక్కా."

"అపాయింట్‌మెంట్లు ఎవరు కీపప్ చేస్తారు?" అన్నారు డాక్టరుగారు. "రోజుకి రెండు సెల్లార్లు. టైమ్‌కి వెళ్ళకపోతే వాళ్ళు తలుపు తియ్యరు."

"తియ్యకపోతే బయట కూర్చుందాం" అంది నళినక్క.

ఇక దిగుడు మొదలైంది.

నా వీపంతా చెమట. అద్దంలో ఉష తలమీది రిబ్బను ఊగుతోంది. ఒక్కొక్క మలుపూ నల్లమల మలుపులాగే వచ్చి మీద పడుతోంది. సెకండ్‌లో ఎక్కాను, సెకండ్‌లోనే ఉంచాను. ఇంజను అరుస్తోంది.

"గేరు మార్చమ్మా, ఇంజను పాడైపోతుంది! ఇంత నాయిస్ ఏమిటి?"

"ఎక్కిన గేరులోనే దిగాలండీ. అప్పుడు బండిని ఇంజనే పట్టుకుంటుంది. బ్రేకు మీదే వదిలేస్తే అది వేడెక్కి చెయ్యిస్తుంది."

"ఎవరు చెప్పారు?"

"కాలు పోయినాయన చెప్పాడు."

 చివరి మలుపులో బ్రేకు మీద కాలు వేశాను. పట్టింది. నా భయం పోయిందని చెప్పను. పక్కకి జరిగి కూర్చుంది, అంతే. అదీ నాతోపాటు ఇటలీ వస్తుంది. రానీ.

ముసలాయన కాఫీ కప్పుతో నిలబడి ఉన్నాడు. నేను దిగకముందే బావ దిగి, తాళాలు ఆయనకిస్తూ, "మై వైఫ్ డ్రోవ్. ఆల్ ద వే" అన్నాడు. ఛాతీ కాస్త ముందుకొచ్చింది. నేను చూస్తున్నానని తెలిసి మళ్ళీ సర్దుకున్నాడు.

డాక్టరుగారు సూటు ముడతలు దులుపుకుంటున్నారు. "కంగ్రాచ్యులేషన్స్ అమ్మా. మీ ముగ్గురూ హ్యాపీగా వెళ్ళి రండి. మేం రావట్లేదు."

"నేను వస్తాను" అంది నళినక్క.

 

ఆయన తన ఓల్డ్స్‌మొబిల్ కారు ముందు తలుపు తెరిచి పట్టుకున్నారు. "ఎక్కు."

ఆమె వెనక తలుపు తనే తీసుకుని, వెనక సీట్లో ఎక్కింది.

* * *

మంగళవారం మధ్యాహ్నం ఫోన్ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడింది.

"రాధా, వీసాకి న్యూయార్క్ వెళ్ళాలిగా నేను. నా పాస్‌పోర్టు ఆయన బీరువాలో ఉంది. తాళం ఎక్కడ పెడతారో చూశాను. గురువారం ఆయనకి పొద్దున్నే ఆపరేషన్లు. నువ్వు పదింటికి రా."

"డాక్టరుగారికి చెప్పారా అక్కా?"

"చెప్పాను. 'ఎలా వెళ్తావో చూస్తాను' అన్నారు. చూడనీ."

నవ్వింది. నేనూ నవ్వాను. పెట్టేసేముందు, "నోట్‌బుక్‌లో ఇంకో ఊరు కలిపాను. చాలా చిన్నది. అక్కడ సెల్లారే లేదు" అంది.

గురువారం బావని ల్యాబ్ దగ్గర దింపి, ఉషని స్కూల్లో వదిలి, పదికి అయిదు నిమిషాలుండగా వాళ్ళింటికి చేరాను. డ్రైవ్‌వేలో ఓల్డ్స్‌మొబిల్ ఉంది.

బెల్లు కొట్టాను. మళ్ళీ కొట్టాను. తలుపు బెత్తెడు తెరుచుకుంది.

"నళినికి ఒంట్లో బాగాలేదు. పడుకుంది" అన్నారు డాక్టరుగారు.

"ఒక్కసారి చూసి వెళ్తానండీ."

"పడుకుందన్నాను కదమ్మా."

ఆ 'అమ్మా' చాలా మెత్తగా అన్నారు. తలుపు కూడా మెత్తగానే వేశారు.

నేను మెట్లు దిగలేదు. "నళినక్కా!" అని గట్టిగా పిలిచాను. అమెరికాలో వీధిలో నిలబడి అలా ఎవరూ అరవరు. ఎదురింటావిడ చెత్త డబ్బా వదిలేసి చూసింది. ఇంకా గట్టిగా పిలిచాను. లోపల్నించి ఉలుకూ పలుకూ లేదు.

సాయంత్రం బావే డాక్టరుగారికి హాస్పిటల్‌కి ఫోన్ చేశాడు. పెట్టేశాక కాసేపు రిసీవరు మీదినించి చెయ్యి తియ్యలేదు.

"ఏమన్నారు?"

"చికాగో వెళ్ళిందిట. చెల్లెలింటికి. నిన్ననే వెళ్ళిందిట."

"నిన్ననా? నాతో ఇవాళ పొద్దున పడుకుందన్నారు."

"నళినిగారికి చికాగోలో చెల్లెలుందా?"

"ఆమెకసలు చెల్లెలే లేదు బావా."

 మర్నాడు ల్యాబ్ నించి బావే రెండుసార్లు వాళ్ళింటికి ఫోన్ చేశాడని తరవాత తెలిసింది. మోగుతూనే ఉందిట. పోలీసులకి చెబుదామంటే, "ఏమని చెబుదాం రాణీ? ఒక డాక్టరు భార్య ఇంట్లో పడుకుందనా?" అన్నాడు. కానీ "మనకెందుకు" అనలేదు. అంతవరకు నయం.

నేను ఇంకో రెండుసార్లు వెళ్ళాను. నన్ను చూసి తలుపు తియ్యడమే మానేశారు. రెండోసారి వెళ్ళినప్పుడు మేడమీద కిటికీ పరదా కదిలింది. గాలికి కాదు. కిటికీ మూసే ఉంది.

మా విమానం మే పదమూడున. నేను ఎక్కుతాను. ఆ కొండదారులన్నీ ఎక్కుతాను, దిగుతాను. ఎవరో ఒకరు తలుపు వేసుకున్నారని ఆగను. కానీ ఆమె సీటు ఖాళీగా పెట్టుకుని నడపడం నాకు ఇష్టం లేదు. ఇంకా పదకొండు రోజులుంది.

నేనిది రాసి పంపుతున్న ఈ పత్రిక న్యూజెర్సీలో మనవాళ్ళ ఇళ్ళకి చాలావాటికి వస్తుందని నాకు తెలుసు. ఎడిసన్‌లో ఉన్నవాళ్ళు, ఆ దారిన పోయేవాళ్ళు, ఎవరైనా సరే, ఒకసారి వెళ్ళండి. చర్చి దాటాక ఎడమవైపు మూడో ఇల్లు డాక్టరుగారిది. మీరు కొత్తవాళ్ళు కాబట్టి మీకు తలుపు తీస్తారు. పడుకుందంటారు. చికాగో వెళ్ళిందంటారు. చాలా మర్యాదగా అంటారు. సరేనండీ అని వచ్చెయ్యకండి. పేరు పెట్టి పిలవండి. ఆమె గొంతు మీ చెవులతో మీరు వినేదాకా ఆ మెట్లు దిగకండి.